నైరుతి గది

ఆదివారం సాయంత్రం బాత్‌టబ్‌లో మట్టి కడగడం నా పని. ఇద్దరమూ ఆ మట్టిలోంచే వస్తాం, ఇద్దరమూ ఆ టబ్‌లోనే ఒళ్ళు కడుక్కుంటాం, తోమేది మాత్రం నేను. మోకాళ్ళ మీద కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో డ్రెయిన్ చుట్టూ రుద్దుతుంటే, పక్క గదిలో మా ఆయన దివాకర్ వీడియో ఎడిట్ చేసుకుంటూ తన మాటలు తనే మళ్ళీ మళ్ళీ వింటుంటాడు. "హాయ్ ఫ్రెండ్స్, ఈ వీకెండ్ మనం బెడ్‌రూమ్ గోడలకి మట్టి పూత వేశాం." మనం అట. కెమెరా పట్టుకున్నది తను. మట్టి తొక్కిందీ గోడకు మెత్తిందీ నేను. వీడియోలో నా పాదాలు కనిపిస్తాయి, చేతులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. కింద కామెంట్లలో "అన్నా, మీ కష్టానికి దండం" అని రాస్తారు జనం. ఆ దండాలన్నీ తను పుచ్చుకుంటాడు, నేను టబ్ తోముకుంటాను.

ఈ దేశం వచ్చి స్థిరపడ్డ నోవై ఊళ్ళో మాకు మంచి ఇల్లే ఉంది. దివాకర్ కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ చేస్తాడు. కరోనా రోజుల్లో ఇంట్లో కూర్చుని పని చేస్తున్నప్పుడు తనకి ప్రకృతి జీవనం మీద మనసు పడింది. గడ్డితో, మట్టితో ఇల్లు కట్టుకుని, కూరగాయలు పండించుకుని, ప్లాస్టిక్ లేకుండా బతకాలట. ఉత్తరాన క్లేర్ అనే ఊరు దాటాక, మొక్కజొన్న చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఐదెకరాలు కొన్నాడు. ఈ రాష్ట్రంలో ఎవరి ఇల్లు వాళ్ళే కట్టుకుంటామంటే పర్మిట్ ఇస్తారు. ఇల్లు యజమానే తన చేతులతో కట్టాలి, కట్టాక అందులో తనే ఉండాలి. దూలాలూ స్తంభాలూ ఆ చుట్టుపక్కల పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ వడ్రంగులు నిలబెట్టిపోయారు, కరెంటు లైసెన్స్ ఉన్న మనిషి లాగాడు. స్తంభాల మధ్య పేర్చిన గడ్డి మోపులకి లోపలా బయటా మట్టి మెత్తడం మాత్రం యజమాని వంతు. యజమాని చేతులంటే నా చేతులేనని పర్మిట్ తెచ్చిన రోజున నాకు తెలియలేదు.

మొదట్లో తెలుగువాళ్ళు సరదాగా వచ్చేవారు. మగవాళ్ళు ప్యాంట్లు మడిచి టార్పాలిన్ పట్టా మీద మట్టీ ఇసుకా గడ్డీ కాసేపు తొక్కి, ఫొటోలు దిగి, నేను చేసిన పులిహోర తిని వెళ్ళిపోయేవారు. తొక్కిన మట్టిని అలా వదిలేస్తే గట్టిపడి పాడైపోతుంది కదా, వాళ్ళ కార్లు వెళ్ళాక దాన్నంతా గోడకెక్కించేది నేను. సోమవారం పొద్దున మీటింగ్‌లో నా గోళ్ళ కింద మట్టి చూసి మా మేనేజర్ "గార్డెనింగ్ చేస్తున్నావా" అని అడిగేవాడు. అవునని నవ్వేదాన్ని. ఏం చెప్పను, నా మొహం.

నా ఉద్యోగం కారు సీట్లకి సంబంధించింది. సీట్లో మనిషి కూర్చున్నట్టు కారుకి తెలియాలి, తెలిస్తేనే ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుంది. ఆ సెన్సర్ సరిగ్గా గుర్తుపడుతోందో లేదో నేను టెస్ట్ చేస్తాను. సన్నగా ఉన్న ఆడవాళ్ళని అది ఒక్కోసారి మనుషుల కింద లెక్కవేయదు. అలాంటివి పట్టుకోవడం నాకు భలే ఇష్టం. దివాకర్ దృష్టిలో అదంతా చిన్న టెస్టింగ్ జాబ్. అక్టోబర్‌లో ఆఖరి ఇన్‌స్పెక్షన్ అయిపోగానే నోవై ఇల్లు అమ్మేసి, నేను రిజైన్ చేసి, ఇద్దరం అక్కడికి వెళ్ళిపోవాలని తనే నిర్ణయించేశాడు. తనకి ఎలాగూ రిమోట్ వర్క్ ఉంది. తెలుగువాళ్ళ పిక్నిక్‌లో నేను పక్కనే ఉండగా అందరికీ చెప్పాడు కూడా: "నళినికి కూడా విసుగొచ్చేసింది జాబ్‌తో." నాకు విసుగొచ్చిన సంగతి నేను అప్పుడే విన్నాను.

ఇక ఆ గది సంగతి. ఇంటి ప్లాన్ గీయగానే దివాకర్ దాన్ని విజయవాడలో వాళ్ళ అమ్మగారికి పంపాడు. మా అత్తయ్య శేషమ్మగారు దాన్ని సిద్ధాంతిగారికి చూపించారు. యజమాని పడకగది నైరుతిలో ఉండాలన్నారాయన. నైరుతి బరువుగా ఉండాలి, మూసి ఉండాలి, అటు దక్షిణం గోడకీ ఇటు పడమర గోడకీ ఏ కన్నమూ ఉండకూడదు. నేను గీయించుకున్న కిటికీ కొట్టేయించారు. వీడియో కాల్‌లో అత్తయ్య నాకు నచ్చజెప్పారు: "అమ్మాయ్, నైరుతిలో కన్నం ఉంటే ఇంట్లో ఆడది నిలవదు. నీ మంచికే చెప్తున్నా."

ఆ ప్లాన్‌ని, ఇళ్ళకి పర్మిట్లిచ్చే కౌంటీ వాళ్ళు తిప్పి పంపేశారు. ఆఫీసులోంచి ఒకాయన ఫోన్ చేస్తే దివాకర్ స్పీకర్ ఆన్ చేశాడు. నేను పక్కనే బెండకాయలు తరుగుతున్నాను. మనుషులు పడుకునే ప్రతి గదికీ బయటపడే దారి ఉండాలని ఆయన చెప్పుకొచ్చాడు. కిటికీ ఇరవై అంగుళాల వెడల్పుకి తగ్గకూడదు, ఇరవై నాలుగు అంగుళాల ఎత్తుకి తగ్గకూడదు, కింది అంచు నేల నుంచి నలభై నాలుగు అంగుళాలు దాటకూడదు. లోపలున్న మనిషి తాళంచెవి లేకుండా, పనిముట్టు లేకుండా దాన్ని తెరుచుకుని బయటికి రాగలగాలి. నా చేతిలో కత్తి ఆగిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో నేను ఏ గదిలోంచి ఎలా బయటికి వస్తానని ఒక్కరూ ఆలోచించలేదు. నా మొహం ఎరగని వాళ్ళెవరో బల్ల చుట్టూ కూర్చుని నా భుజాలు ఎంత వెడల్పుంటాయో, నేను ఎంత ఎత్తు ఎక్కగలనో ఆలోచించి రూలు రాశారు. ఎందుకో ఏడుపొచ్చేసింది.

దివాకర్‌కి ఏడుపేం రాలేదు. ప్లాన్‌లో బెడ్‌రూమ్ అన్నచోట స్టోరేజ్ అని మార్చి పంపాడు. సామాన్ల గదికి కిటికీ అక్కర్లేదు కాబట్టి పాసైపోయింది. మన వాళ్ళు బేస్‌మెంట్లలో ఇలాగే చేస్తారు, ఆఫీస్ రూమ్ అని రాసి అత్తమామల్ని పడుకోబెడతారు, దీనికింత రాద్ధాంతం ఏమిటన్నాడు. మరి మంటలొస్తే అన్నాను. మట్టి ఇల్లు అంటుకోదన్నాడు. తర్వాత నవ్వుతూ ఒక మాటన్నాడు. "అయినా కిటికీలోంచి దూకి ఎక్కడికి పోతావ్ నళినీ? చుట్టుపక్కల మనిషి లేడక్కడ." నిజానికి ఎగతాళికే అన్నాడు, పాపం.

ఆ గది మొదటి నుంచీ వేరుగా ఉండేది. గోడ మందం మూరకి పైనే. లోపలికి అడుగుపెడితే బయటి గాలి, పిట్టలు, దూరంగా రోడ్డు మీద ట్రక్కులు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. మట్టి వాసన ఎక్కడైనా బాగుంటుంది అనుకుంటాం కదా, అక్కడ ఆ వాసనలో చెమట ఉండేది, ఎవరో చాలా రోజులుగా ఉంటున్న గది వాసన. కొత్త గోడలకి అంత వాసన ఎక్కడిది? దివాకర్‌ని అడిగితే గడ్డి తడిసిందేమో అన్నాడు.

సెప్టెంబర్‌లో ఆఖరి పూత వేశాను. అది సన్నటి పూత, జల్లించిన మట్టి, మెత్తటి ఇసుక. అరచేతి కింది భాగంతో అర్ధచంద్రాకారంలో నిమురుతూ పోవాలి, వేళ్ళు ఆనకూడదు. ఇల్లంతా వేసీ వేసీ నా చేతికి అది బాగా అలవాటైంది. పని పూర్తి చేసి, దీపం దగ్గరగా పట్టుకుని గోడ అంతా చూసుకున్నాను. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. తృప్తిగా అనిపించింది, అబద్ధమెందుకు.

మరుసటి వారం వెళ్ళేసరికి గోడ ఎండిపోయి ఉంది. పడమటి గోడ మీద నాలుగు చేతి ముద్రలు ఉన్నాయి. వేళ్ళు బాగా విడదీసి, బలంగా అదిమినవి. నిమిరితే పడేవి కావు, తోస్తే పడేవి. ఎండిన మట్టి మీద నొక్కితే పగులుతుంది, ఇక్కడ అంచులు నున్నగా ఉన్నాయి. అంటే పచ్చిగా ఉన్నప్పుడే పడి ఉండాలి. పచ్చిగా ఉన్నప్పుడు అక్కడున్నది నేనొక్కదాన్నే. దివాకర్‌ని పిలిచాను. చూసి సంబరపడిపోయాడు. "నీవే అయ్యుంటాయ్‌లే. బాగున్నాయ్, ఉంచెయ్," అని వాటిని అన్ని వైపుల నుంచీ షూట్ చేసి, మట్టిలో అర్ధాంగి సంతకం అని పేరు పెట్టి వీడియో వదిలాడు. ఇన్ని వీడియోల్లో అందులోనే మొదటిసారి నా ఊసు వచ్చింది.

మా అమ్మాయి హాసిని ఆన్ ఆర్బర్‌లో చదువుతోంది. అది ఆ వీడియో చూసి ఫోన్ చేసింది. "అమ్మా, ఆ హ్యాండ్ ప్రింట్స్ నీవేనా? అవి ఆర్ట్‌లా లేవు. ఎవరో లోపల్నుంచి పుష్ చేస్తున్నట్టు ఉంది. ఐ డోంట్ లైక్ ఇట్." మట్టిలో చెయ్యి జారి ఉంటుందని సర్దిచెప్పాను. నాలుగుసార్లు జారిందా అని అడిగింది. ఫోన్ పెట్టేసిన తర్వాత చాలాసేపు నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ శనివారం వాటిని తడిపి, కొత్త మట్టి నింపి, నున్నగా నిమిరేశాను. తర్వాతి శనివారానికి అవి మళ్ళీ వచ్చాయి. ఈసారి దక్షిణం గోడ మీద కూడా ఉన్నాయి. దివాకర్ మేకులు తేవడానికి ఊళ్ళోకి వెళ్ళాడు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఫోన్ లైటు వేసుకుని దగ్గరికెళ్ళి చూశాను. కొన్ని నా భుజాల ఎత్తులో ఉన్నాయి. కొన్ని నడుము దగ్గర, కొన్ని ఇంకా కిందికి, నేల మీద కూర్చున్న మనిషికి అందే చోట. మూల దగ్గర ముద్రలు కావు, గోళ్ళతో గీకిన గీతలున్నాయి. వాటిలో కొన్ని పాతబడి నలిగి, చేతి జిడ్డుతో నల్లబడి ఉన్నాయి, ఏళ్ళ తరబడి ఒకే చోట చెయ్యి ఆనించినట్టు. కట్టి ఆరు నెలలు కాలేదే ఈ గోడ!

ఆగలేక ఒక ముద్రలో నా చెయ్యి పెట్టాను. సరిగ్గా సరిపోయింది. కారు తలుపులో పడి నా చిటికెన వేలు వంకరపోయింది, ఆ వంకర కూడా అందులో ఉంది. ఒక్క తేడా ఉంది. ముద్రలోని వేలి కణుపులు నావాటికంటే లావుగా ఉన్నాయి, మా అమ్మ వేళ్ళు చివరి రోజుల్లో అలాగే ఉండేవి. అప్పుడర్థమైంది. నేను వేసి మరిచిపోయినవి కావు అవి. నేను ఇంకా వేయనివి. ఈ గదిలో చాలా ఏళ్ళు ఉండబోయే ఒక మనిషివి. బయటికి పరుగెత్తి బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నాను. దివాకర్ వచ్చి మధ్యాహ్నానికి ఏం వండావని అడిగాడు.

చెప్పడానికి ప్రయత్నించకపోలేదు. కారులో వస్తుంటే, ఆ గదిలో నేను ఉండలేను అన్నాను. గాలి ఆడదు, భయంగా ఉంది, కనీసం కిటికీ పెడదాం అన్నాను. దివాకర్ అరవలేదు. ఓపిగ్గా మాట్లాడాడు, తను ఓపిగ్గా మాట్లాడితే ఇక ఆ విషయం ముగిసిపోయినట్టే. అలసిపోయావు, మెనోపాజ్ టైంలో ఇలాంటివి ఉంటాయి, డాక్టర్‌కి చూపిద్దాం అన్నాడు. జాబ్ మానేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. రాత్రి అత్తయ్య కూడా ఫోన్ చేసి అదే మాట మెత్తగా చెప్పారు. అక్కడికెళ్ళాక నీకు వేరే ధ్యాస ఉండదమ్మా, ఇంటిపట్టునే ఉంటావుగా అన్నారు. ఇద్దరూ కలిసి నన్ను బాగానే చూసుకుంటున్నారు అనుకోవాలో, నా చుట్టూ ఒక్కో మోపూ పేరుస్తున్నారు అనుకోవాలో తెలియలేదు.

ఆఖరి ఇన్‌స్పెక్షన్‌కి కౌంటీ నుంచి లొరెయిన్ అనే ఆవిడ వచ్చింది. అరవైకి దగ్గర ఉంటుంది, బూట్లకి మట్టి, చేతిలో టాబ్లెట్, జేబులో టేపు. దివాకర్ ఆవిడ వెంటే తిరుగుతూ ఈ ఇల్లు తన చేతులతో కట్టానని చెప్పాడు, గడ్డి ఎక్కడ కొన్నాడో మట్టి ఎలా కలిపాడో చెప్పాడు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆవిడ మెట్ల ఎత్తు కొలిచింది, పొగ అలారాలు నొక్కి చూసింది. అన్నీ బాగున్నాయంది. గోడల పూత చాలా అందంగా ఉందని మెచ్చుకుంటే దివాకర్ థాంక్యూ అన్నాడు.

చివరికి నైరుతి గది దగ్గరికి వచ్చాం. లొరెయిన్ లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది. ఏదో వినడానికన్నట్టు తల పక్కకి వంచింది. గోడ వైపు చెయ్యి చాచి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది. తర్వాత గదంతా చూసింది. మంచం పట్టేంత జాగా ఉంది, దానికి రెండు వైపులా బెడ్‌లైట్లకి ప్లగ్గులున్నాయి, బట్టల అలమర ఉంది. ఇది స్టోరేజ్ అని ప్లాన్‌లో ఉందే అంది. దివాకర్ అవునన్నాడు, బియ్యం, పప్పులు, పచ్చళ్ళు పెట్టుకుంటాం, మా ఇండియన్ ఇళ్ళల్లో స్టోర్‌రూమ్ పెద్దగా ఉంటుందన్నాడు. ఎంత చక్కగా చెప్పాడో! ఒక్క క్షణం నేనే నమ్మాను. ఆవిడ టాబ్లెట్ మీద వేలు పెట్టి, ఇక్కడెవరైనా పడుకుంటారా అని అడిగింది. దివాకర్ లేదన్నాడు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. స్థలం మీద నా పేరు కూడా ఉంది కాబట్టి నన్నూ అడగాలట. అదే ప్రశ్న నన్ను అడిగింది.

దివాకర్ నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని అతనికి తోచలేదు. ఇరవై రెండేళ్ళుగా తను ఒకటి చెప్పాక నేను రెండోది చెప్పలేదు. వీసా ఇంటర్వ్యూలో కూడా తను నేర్పిన జవాబులే చెప్పాను. గోడ మీది ముద్రలు నా ఎదురుగానే ఉన్నాయి. పైవి, కిందివి, మూల దగ్గర గీతలు. వాటి మధ్య ఖాళీ చాలా ఉంది, ఇంకా ఎన్నో ముద్రలు పడటానికి.

"పడుకుంటారు," అన్నాను ఇంగ్లిష్‌లో. "పడుకునేది నేనే. ఇది బెడ్‌రూమ్."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. టేపు తీసి పడమటి గోడ కొలుచుకుంది, ఎక్కడ కోయవచ్చో చూపించింది, ఏదో టైప్ చేసుకుంది. కిటికీ పెట్టేదాకా ఈ ఇంట్లో ఎవరూ ఉండకూడదని దివాకర్‌కి చెప్పి, నాకు మాత్రం తలూపి ట్రక్కెక్కింది. దుమ్ము సర్దుకునేదాకా ఇద్దరం వాకిట్లోనే నిలబడ్డాం.

"పరువు తీసేశావ్," అన్నాడు దివాకర్. గొంతు మాత్రం ఓపిగ్గానే ఉంది. రంపం తెచ్చి వారంలో కిటికీ పెట్టించేస్తాడట, సిద్ధాంతిగారు ఏదో శాంతి చెప్తారట, నేను కోరుకున్నది జరిగింది కాబట్టి ఇక మొహం మామూలుగా పెట్టుకోవాలట. నోవై ఇంటికి అమ్మకం బోర్డు మాత్రం సోమవారమే పెట్టిస్తాడట.

"పెట్టించండి కిటికీ," అన్నాను. "ఎవరు పడుకున్నా వాళ్ళకి దారి ఉండాలి కదా. నేను మాత్రం ఇక్కడికి రాను. జాబ్ మానను. నోవై ఇల్లు అమ్మడానికి సంతకం పెట్టను." మాట ఎక్కడా తడబడలేదు. నాకే వింతగా ఉంది.

దివాకర్ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. మరి ఈ ఇల్లంతా ఎవరికోసం కట్టాననుకుంటున్నావు అని అడిగాడు. కట్టింది మీరు కాదండీ అన్నాను. ఇంకేదో అనబోయాడు. అప్పుడు ఇంట్లోంచి చప్పుడు వినిపించింది. గట్టిగా ఏం కాదు. మందపాటి గోడని లోపలి నుంచి అరచేత్తో కొడితే వచ్చే మెత్తటి చప్పుడు. ఆగి, మళ్ళీ వినిపించింది. అది పడమటి గోడ, ఇందాక లొరెయిన్ టేపు పెట్టి కొలిచిన చోటు.

ఆ గది వింతలు నాకు కొత్త కావు. దివాకర్‌కి కొత్త. తను నోరు తెరిచి గోడ వైపు చూస్తూ, చిన్నపిల్లాడిలా నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నళినీ, లోపల ఎవరున్నారు?"

తన వేళ్ళు మెల్లగా విడదీసి, కారు తాళాలు తీసుకున్నాను.

"ఎవరూ లేరండీ," అన్నాను. "నేను బయటే ఉన్నాను."